పెట్టిన చెయ్యి

‘ఈ వారం మీరు రెండు పూటలు వేళకు తిన్నారు’ అని రాసి హోసియత్ ఆగింది. రెండు పూటలా, మూడు పూటలా? కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, మళ్లీ దించుకుని, దానిమ్మ రాసిన డైరీని తెర మీద మరోసారి కిందికి జరిపి చూసింది. మూడే. మంగళవారం పొద్దున బస్సులో నిలబడి తిన్నది తిండి కింద రాదనుకుందేమో పిల్ల, ఆ సంగతి చిట్టచివర ఎక్కడో రాసింది. హోసియత్ ‘రెండు’ చెరిపి ‘మూడు’ అని కొట్టింది. టైపు చేయడానికి ఆమెకు తెలిసింది కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఇరవై తొమ్మిదేళ్లు కోకంద్ పిల్లల భుజాలకు సూదులు వేసిన చెయ్యి కావడంతో, అక్షరాల్ని కూడా గురి చూసి ఒక్క పోటు పొడవడమే దానికి అలవాటు.

ఆమె కూర్చున్నది మహిళల ఆరోగ్య కేంద్రం మేడ మీది చివరి గదిలో. కుర్చీ ఎవరో పొడుగుకాళ్ల మనిషి కోసం చేసింది. హోసియత్ పొట్టి, పైగా వెడల్పు. అందుకని ఇంటినుంచి తెచ్చుకున్న దూదిదిండు కింద ఒకటి, వీపుకు ఒకటి పెట్టుకుంది. బల్ల మీద మూతకు దారం కట్టిన చాయ్ కూజా, పక్కన పిడిలేని చిన్న గిన్నె. వయసు యాభై ఆరు. నవ్వితే ఎడమవైపు బంగారు పన్ను కనిపిస్తుంది. మూడు వారాలుగా అది ఎవరికీ కనిపించలేదు.

నర్సుగా రిటైరయ్యాక దొరికిన పని ఇది. తిండంటే భయపడే ఆడపిల్లలకు, ఎవరూ లేనప్పుడు దొంగచాటుగా అంతులేకుండా తిని తర్వాత తమను తాము శిక్షించుకునే ఆడపిల్లలకు, ఫోనులో పన్నెండు పాఠాలుంటాయి. పాఠం చదువుకోవాలి, రోజూ ఏం తిన్నదీ, ఎవరితో తిన్నదీ, మనసెలా ఉందీ డైరీలో రాసుకోవాలి. మానసిక వైద్యుడి గుమ్మం ఎక్కితే ఆ పిల్ల ఇల్లు చేరేలోపు కబురు పెళ్లిళ్ల పేరమ్మకు చేరిపోయే ఊరు కోకంద్. ఫోనుకైతే గుమ్మం లేదు. కానీ ఒంటరిగా వదిలేస్తే మూడో పాఠం దాటినవాళ్లు తక్కువ. చదివే మనిషి ఒకరున్నారని తెలిస్తే రాస్తారు. ఆ మనిషి వారానికో ఉత్తరం రాయాలి. అంతే. గొంతు వినిపించదు, ముఖం కనిపించదు. పిల్లలకు పండ్ల పేర్లు, ఉత్తరాలు రాసేవాళ్లకు మారుపేర్లు. హోసియత్ ఇక్కడ జుమ్రద్ అక్క.

“మీరు డాక్టరు కారు, అమ్మ కూడా కారు. పక్కన నడిచే మనిషి, అంతే,” అని తాష్కెంటులో శిక్షణ ఇచ్చిన డాక్టరు మహ్లియో మొదటిరోజే చెప్పింది. ఆ ‘అమ్మ కూడా కారు’ అన్నది హోసియత్‌కు ఆరు నెలలకు గానీ ఒంటబట్టలేదు. మొదట్లో ప్రతి ఉత్తరం చివరా చెయ్యి తనంతట తనే ‘బాగా తినండమ్మా’ అని రాసేసేది. కోకంద్‌లో ఆ మాట అనకుండా ఎవరూ ఎవరినీ సాగనంపరు. మహ్లియో నవ్వుతూ కొట్టేసి పంపేది. అడగందే అమ్మైనా పెట్టదని ఎక్కడైనా అంటారేమో గానీ, ఈ ఊళ్లో అడక్కపోయినా పెడతారు, వద్దన్నా పెడతారు.

దానిమ్మకు ఉత్తరం పూర్తయింది. నిమ్మకు, పుచ్చకు కూడా. ఇంక మిగిలింది అంజూర. హోసియత్ గిన్నెలో చాయ్ పోసుకుంది. తాగలేదు.

అంజూర ఎవరో ఆమెకు తెలుసు.

మూడు వారాల కిందట ఒక శుక్రవారం ఆ పిల్ల రాసింది: ‘నిన్న పలావు వండాం. అత్తగారు తన చేత్తో నా నోట్లో పెట్టింది. ఒకటి నా పేరున, ఒకటి మీ మామగారి పేరున, ఒకటి దారిలో ఉన్నవాడి పేరున అంటూ మూడు ముద్దలు. పెద్దవాళ్ల చేతిముద్దకు నోరు తెరవకుండా ఎలా ఉంటాను? ప్రేమతోనే పెట్టింది. ఆ ప్రేమే గొంతులో అడ్డంపడింది. తర్వాత బాణలి తోమడానికి వెళ్లి, నీళ్ల చప్పుడులో ఆ మూడింటినీ బయటికి పంపేశాను. మామగారి పేరున పెట్టింది కూడా. నాకు నరకమే.’

పెద్దలు చేత్తో ముద్ద పెట్టడం ప్రతి ఇంట్లో ఉన్నదే. కానీ ఆ మూడు పేర్లూ చెప్పి పెట్టేది ఊరు మొత్తానికి ఒక్కటే చెయ్యి. భర్త చనిపోయిన ఏడాది మొదలుపెట్టింది హోసియత్. దారిలో ఉన్నవాడంటే కొడుకు ఇక్రోమ్. కజకిస్తాన్‌కు లారీ తోలతాడు. నెలలో ఇరవై రోజులు ఇంట ఉండడు. వాడి పెళ్లాం నఫోసత్ కాపురానికొచ్చి పద్నాలుగు నెలలు. అత్త కేంద్రంలో రిజిస్టర్లు రాస్తుందని ఆ పిల్ల అనుకుంటుంది. ఏ పని చేస్తున్నారో ఇంట్లో చెప్పకూడదన్నది నియమం కాబట్టి హోసియత్ చెప్పిన అబద్ధమది.

నియమం ఇంకొకటి కూడా ఉంది. రాస్తున్న పిల్ల తెలిసిన మనిషని తేలితే ఆ రోజే మహ్లియోకు చెప్పాలి, ఆ డైరీ ఇంకొకరికి అప్పగించాలి. హోసియత్ చెప్పలేదు. మొదటిరోజు సిగ్గేసింది. తను కొత్తకోడలుగా వచ్చినప్పుడు అత్తగారు చక్కెర డబ్బాకు తాళం వేసేది. అందరూ తిన్నాక, నిలబడి, బాణలి అడుగు గీరుకుని తినేది తను. నా కోడలు వస్తే ఈ చేత్తో నోట్లో పెడతాను అని ఆ నిలబడ్డచోటే ఒట్టు పెట్టుకుంది. ఆ చెయ్యే ఇంత పని చేసిందని తాష్కెంటు డాక్టరమ్మకు ఏ నోటితో చెప్పాలి? రెండోరోజు, తనే గుట్టుగా ఇల్లు చక్కదిద్దేస్తే సరిపోతుందనిపించింది. మూడోరోజు నుంచీ జరిగింది మటుకు ఆమె తనకు తానే చెప్పుకోలేనిది. ఆ పిల్ల రాతల రుచి మరిగింది. ఇంట్లో ‘ఆఁ అమ్మా, సరే అమ్మా’ తప్ప నోరు విప్పని కోడలు, జుమ్రద్ అక్కకు పుట్టింటి కబుర్లు, ఇక్రోమ్ మీద బెంగ, అద్దంలో తన ముఖం మీద అసహ్యం అన్నీ రాసేది. అత్తగా దొరకని చనువు అక్కగా దొరికింది. కాపలా పెట్టిన కంచే చేను మేసిందంటే ఇదే గదా అనుకునేది హోసియత్, అనుకుంటూనే చదివేది.

చదివి ఊరుకుందా? గురువారాలు పలావు వండినప్పుడు ముద్ద పెట్టడం ఆపేసింది. కోడలి పళ్లెం వైపు చూడటం మానేసింది. ఇంకొంచెం వేసుకో అనడం మానేసింది. మూడు గంటలకోసారి ఏదో వంకతో చాయ్ పెట్టించి, పక్కన ఏదో ఒకటి ఉంచి, తను లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. అన్నీ పాఠంలో ఉన్నట్టే చేశాననుకుంది.

ఇప్పుడు తెర మీద నిన్నటి రాత విప్పింది.

‘బుధవారం. మధ్యాహ్నం సూపు, అందరితో కలిసి. అందరంటే నేనూ అమ్మా, అదే మా అత్తగారు. అమ్మ నా పళ్లెం వైపు చూడలేదు. మూడు వారాలుగా చూడటం లేదు. గురువారం ముద్ద కూడా ఆపేసింది. నేను లోపలికి రాగానే లేచి వెళ్లిపోతుంది. ఏం తప్పు చేశానో తెలియదు. అడగడానికి ధైర్యం లేదు. సాయంత్రం ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి తిన్నాను. ఎంతో రాయను. తర్వాత జరిగింది మీకు తెలుసు. ఈ వారంలో ఇది ఐదోసారి.’

ఐదోసారి. ముద్ద పెట్టిన రోజుల్లో వారానికి ఒకసారి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. హోసియత్ కళ్లద్దాలు తీసి తలగుడ్డ కొసతో తుడిచింది. వాటిమీద మరకేమీ లేదు.

కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి.

‘జుమ్రద్ అక్కా, ఒకటడగాలి. ద్రాక్షపందిరి కింద బాణలి తోమేటప్పుడు ఒక్కరే ఉండకండి, ఎవరినైనా పిలిచి కూర్చోబెట్టుకోండి అని పోయిన ఉత్తరంలో రాశారు. నా డైరీ మొదటినుంచీ చదివాను, మా ఇంట్లో ద్రాక్షపందిరి ఉందని నేనెక్కడా రాయలేదు. మా అన్నకు ఫోన్ చేశాను, రేపు సాయంత్రం వచ్చి తీసుకెళతాడు.’

హోసియత్ ఆ వాక్యాల్ని సూదిమందు సీసా మీది అక్షరాలు చదివినట్టు, పెదాలు కదుపుతూ, మూడుసార్లు చదివింది. తర్వాత ఫోను తీసి తాష్కెంటుకు కలిపింది.

“చెప్పండక్కా,” అంది మహ్లియో. చిన్న తెరలో ఆమె ముఖం, వెనక గోడ మీద పిల్లలు గీసిన బొమ్మలు.

“డాక్టరమ్మా, అంజూర నా కోడలు.”

అవతల ఏదో పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. “ఎప్పుడు తెలిసింది?”

“మూడు వారాలైంది.”

“మూడు వారాలా, అక్కా?”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇరవై తొమ్మిదేళ్లలో పెద్ద డాక్టర్లు ఎన్ని తిట్లు తిట్టినా హోసియత్ సాయంత్రానికి మరిచిపోయింది. ఈ అమ్మాయి మాత్రం ఒకటొకటే ప్రశ్న అడిగింది. ఆ పిల్ల ప్రాణానికి హాని చేసుకునే మాటేమైనా రాసిందా? లేదు. ఒంట్లో ఎలా ఉంది, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉన్నాయా? లేవు. అనుమానం వచ్చిందా? వచ్చింది.

“ఆ డైరీ ఇప్పుడే ఇంకొకరికి మారుస్తున్నాను. మీరిక చూడకూడదు. మిగతావాళ్ల ఉత్తరాలు కూడా మనం మాట్లాడుకునేదాకా ఆపండి. రక్తపరీక్షలకు వెళ్లమని ఆ అమ్మాయికి కొత్త అక్క రాస్తుంది.”

“అట్లాగే. నేనేం చెయ్యను?”

“ఇంటికి వెళ్లి మీరే చెప్పండి. ఇవాళే. మా ఉత్తరం చూసి తెలుసుకోకూడదు. తినమని చెప్పకండి. ఏడవకండి కూడా, అక్కా. మీరేడిస్తే ఆ పిల్ల మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.”

ఫోను పెట్టేసరికి తెర మీద పండ్ల వరసలో అంజూర లేదు. నిమ్మ పక్కకు పుచ్చ జరిగింది. హోసియత్ చల్లారిన చాయ్‌ని కుండీలో పారబోసి, రెండు దిండ్లూ సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.

వీధి మలుపులో పక్కింటి సలోమత్ గుమ్మం ఊడుస్తూ దొరికింది. ఆ మనిషి చీపురు కంటే నోరు ముందు తిరుగుతుంది.

“అప్పుడే వచ్చేశావేం? ఒంట్లో బాలేదా? అది సరేగానీ హోసియత్, పెట్టే ఇల్లని ఊరంతా పేరు తెచ్చుకున్నావు గదా, మీ కోడలి బుగ్గలెక్కడికి పోయాయి?”

మామూలు రోజైతే దీటుగా ఏదో అనేది. “నేనే తినేశానే,” అంది.

సలోమత్ చీపురు ఆపి పగలబడి నవ్వింది. హోసియత్ గేటు తోసుకుని లోపలికి వెళ్లింది.

నఫోసత్ పెరట్లో తీగ మీది బట్టలు తీస్తోంది. సన్నటి పిల్ల. ముంజేతుల మీద నరాలు పైకి తేలి ఉంటాయి. పొడవాటి చేతుల చొక్కా వేసవిలోనూ వదలదు. చెక్క అరుగు మీద తెరిచిన సూట్‌కేసు ఉంది. అత్త వేళ కాని వేళ వచ్చినా, ఎప్పటిలాగే కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని తల వంచి సలాం చేసింది. మళ్లీ బట్టలు మడవసాగింది.

హోసియత్ కుళాయి దగ్గర బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. అరుగు మీద పక్కన కూర్చునే హక్కు తనకు లేదనిపించింది.

“తల్లీ, నేను కేంద్రంలో రిజిస్టర్లు రాయను.”

నఫోసత్ చేతిలో ఇక్రోమ్ చొక్కా ఉంది. దాని గుండీలు పెడుతూ ఉండిపోయింది.

“ఉత్తరాలు రాస్తాను. జుమ్రద్‌ని నేనే.”

“మూడు ముద్దల సంగతి రాసిన రోజు తెలిసిందా మీకు?”

“ఆ రోజే.”

చివరి గుండీ పెట్టింది. చొక్కాను సూట్‌కేసులో పెట్టబోయి, అది తనది కాదని గుర్తొచ్చి, అరుగు అంచున పెట్టింది. “నిన్న రాత్రే అనుకున్నాను. అబద్ధం కావాలని కూడా అనుకున్నాను. పరాయి మనిషని రాశానమ్మా అవన్నీ. ఆ మనిషి నన్నెప్పుడూ చూడదు కాబట్టి రాశాను.”

“తప్పు నాదే. దానికి వంకల్లేవు.”

“సరే, చదివారు. చెయ్యెందుకు ఆపేశారు?”

హోసియత్‌కు ప్రశ్న అర్థం కాలేదు. “నీకు కష్టంగా ఉందని రాశావు గదా.”

“కష్టంగా ఉందని రాశాను. ఆపమని రాశానా?” నఫోసత్ గొంతు పెంచలేదు. ఆ పిల్లకు గొంతు పెంచడం రాదు. “ఆరో పాఠం మీరే పంపించారు. ఇంట్లోవాళ్లకు ఒక్క మాట చెప్పడం నేర్చుకోండి అని. రోజూ అద్దం ముందు నిలబడి అనుకున్నాను. అమ్మా, ఒక్క ముద్ద చాలు. ఒకటి తింటాను, మూడు వద్దు. ఎన్నిసార్లు అనుకున్నానో. గురువారం పలావు దించగానే నా గుండె కొట్టుకుంటోంది, ఇవాళ చెప్పేస్తానని. మీరు చెయ్యే చాపలేదు. మీకు చెప్దామనే గదమ్మా అంత నేర్చుకుంది. ఇంకెవరికి చెప్పను?”

కుళాయి కారుతోంది. వాషరు మార్చమని ఇక్రోమ్‌కు రెండు నెలలుగా చెబుతున్నారు. హోసియత్ తన కుడిచేతిని చూసుకుంది. అరచెయ్యి వెడల్పు, వేళ్లు పొట్టి, చూపుడువేలి చివర కాయ. పెట్టి ఒక తప్పు చేసింది, ఆపి ఇంకో తప్పు చేసింది. రెండుసార్లూ ఆ పిల్లను అడగలేదు. తన అత్త చక్కెర డబ్బాకు తాళం వేస్తే, తను ఆ పిల్ల నోటికే వేసింది. కన్నీళ్లు అంచుదాకా వచ్చాయి. మహ్లియో మాట గుర్తు తెచ్చుకుని, లేచి కుళాయి గట్టిగా తిప్పి, చన్నీళ్లు ముఖాన కొట్టుకుంది.

“మీ ఆయనకు...”

“ఆయనకు నేను చెప్పుకుంటాను. మీరేం చెప్పకండి.”

“చెప్పను.”

“ఇందాక కొత్త అక్క రాసింది. ఆమె పేరు ఏదో ఉంది. రాయమంది.”

రాస్తావా అని నాలుక చివరిదాకా వచ్చింది హోసియత్‌కు. ఆ పన్నెండు పాఠాల్లో ఆరు మిగిలి ఉన్నాయి. ఆ ఆరూ ఆ పిల్ల పూర్తి చేస్తే చాలు, తనతో జన్మలో మాట్లాడకపోయినా ఫరవాలేదనుకుంది. అడిగే అధికారం మాత్రం పొద్దుటే పోయింది. తలూపింది.

నాలుగున్నరకు పుట్టింటి ఊరు రిష్తాన్ నుంచి అన్న తెల్లకారులో వచ్చాడు. మర్యాదస్తుడు. లోపలికి రమ్మంటే పని ఉందన్నాడు, చాయ్ ఇస్తే నిలబడే తాగాడు, సూట్‌కేసు డిక్కీలో పెట్టాడు. చెల్లెలు ఎందుకొస్తోందో అడగలేదు. అత్తింటి నుంచి రమ్మన్న చెల్లెలిని గుమ్మంలో ప్రశ్నలు అడిగే మనిషి కాడు.

హోసియత్ వంటింట్లోకి వెళ్లింది. ఇల్లు వదిలి దూరం పోయేవాళ్ల చేత గుమ్మంలో రొట్టె కొరికిస్తారు. ఒక్క కొరుకు. మిగతా రొట్టెను గోడకు తగిలించి దాస్తారు. పోయినవాళ్లు తిరిగొచ్చి దాన్ని పూర్తి చెయ్యాలి, అప్పటిదాకా ఇంకెవరూ ముట్టుకోరు. పటాలానికి పోయిన కొడుకుల చేత, చదువుకు పోయిన కూతుళ్ల చేత ఈ వంటింటి రొట్టెలే కొరికించారు తరతరాలుగా. గుడ్డ విప్పి గుండ్రటి రొట్టె ఒకటి చేతిలోకి తీసుకుంది. పొద్దుటిది, ఇంకా మెత్తగానే ఉంది. గుమ్మందాకా నడిచింది. పెరట్లో నఫోసత్ చెప్పులు వేసుకుంటోంది.

కొరుకు తల్లీ అనాలి. అంటే ఆ పిల్ల కాదనదు. ఎన్నడూ కాదనలేదు. నోరు తెరుస్తుంది, మింగుతుంది, తర్వాత రిష్తాన్ దారిలో కారు ఆపమంటుంది. హోసియత్ అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి వెళ్లి, రొట్టెను మళ్లీ గుడ్డలో చుట్టి, వట్టి చేతులతో బయటికొచ్చింది. తన జన్మలో ఒక మనిషిని రొట్టె లేకుండా పంపడం అదే మొదలు. ఆ పిల్ల చూసిందో లేదో తెలియదు.

“ఫోను చార్జరు మరిచిపోయాను,” అని నఫోసత్ లోపలికి వెళ్లింది. చాలాసేపైంది. అన్న తాళాలు చేతిలో ఆడిస్తూ, ద్రాక్ష ఈ ఏడు బాగా కాసిందన్నాడు. బాగానే కాసిందంది హోసియత్. పిల్ల తిరిగొచ్చి, అత్త ముందు తల వంచింది. హోసియత్ ఆ నుదుటిని ముద్దు పెట్టుకోబోయి, ఆగి, “పెట్టుకోనా?” అని అడిగింది. నఫోసత్ కొంచెం ఆలోచించింది. “ఊఁ” అంది. నుదురు వేడిగా ఉంది.

“వెళ్లొస్తానమ్మా” అందా, “వెళ్తానమ్మా” అందా? కారు స్టార్టయిన చప్పుడులో హోసియత్‌కు సరిగా వినబడలేదు. వీధి చివర మలుపు తిరిగేదాకా చూసి, ఆచారం ప్రకారం గుమ్మంలో గిన్నెడు నీళ్లు పారబోసి, తలుపు దగ్గరగా వేసింది.

గురువారం. పలావు వండాలి. ఒక్క మనిషికి బాణలి ఎక్కించడం ఆమెకు చేతకాదు. అయినా అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్లింది. ఫోను చార్జరు గోడకు పెట్టింది పెట్టినట్టే ఉంది.

గుడ్డ సగం విప్పి ఉంది. తను నాలుగు కొసలూ చుట్టిందే. ఇన్నాళ్లూ ఆ వంటింట్లో ఒంటరిగా తిన్న ప్రతిదాని ఆనవాలూ తుడిచేసి, కడిగేసి, దాచేసిన పిల్ల, ఈసారి అంతా కనబడేట్టు వదిలి వెళ్లింది. హోసియత్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు ఏడిస్తే ఓదార్చాల్సినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఏడ్చింది.

గుడ్డ మీద ఆ గుండ్రటి రొట్టె, ఒక అంచున చిన్న కొరుకు, పళ్లగాట్ల చుట్టూ నువ్వులు ఇంకా తడిగా ఉన్నాయి.